సీసాలో మన అడవి

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో బ్రాడీపేటను చూడాలి. ఇక్కడ వీధులకు పేర్లు తక్కువ, అంకెలు ఎక్కువ. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ అంకెల మధ్య ఆసుపత్రులు, ల్యాబులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, వాటిని అంటిపెట్టుకొని మందుల షాపులు. ఊళ్లకు పోయినవాళ్లంతా ఒక్కసారే వచ్చి వాలతారు. చేతిలో అరిసెల డబ్బా ఇంకా ఖాళీ కాదు, అప్పుడే డ్యూటీ మొదలు. ఆ రోజుల్లో మందుల షాపు కౌంటర్ల మీద ఒక రకం సీసాలు ముందు వరసకు రావడం మేము గమనిస్తుంటాం. జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు, అలసటకు. అన్నీ ‘మూలికలతో చేసినవే, చెడు ప్రభావాలు లేనివే’.

మేము నలుగురం. నల్లమల చెంచు గూడేల నుంచి వచ్చి ఇక్కడ ఒక మేడ మీది గదిలో అద్దెకుంటున్నాం. ఒకడు మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తా, ఒకడు ల్యాబులో రక్తం శాంపిళ్లు తీసే పని, ఒకడు ప్రైవేటు బడిలో పంతులు, ఒకడు గ్రూపు పరీక్షల కోచింగ్. ఇది నలుగురం కూర్చుని చెప్పుకున్న మాట కాబట్టి ‘మేము’ అని రాస్తున్నాం.

సెలవులకు ఇంటికి పోవడమంటే మాకు రైల్లో మార్కాపురం రోడ్డు దాకా, అక్కడినుంచి బస్సులో దోర్నాల, ఆ తరవాత ఆటో, చివరికి నడక. ఆ నడక మొదలైన చోటే సెల్‌ఫోను చచ్చిపోతుంది. వారం రోజులు నిప్పు చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం, ఉసిరికాయలు ఏరడం, ఎప్పుడు నిద్రొస్తే అప్పుడు పడుకోవడం. తిరిగొచ్చేటప్పుడు రాత్రంతా ప్రయాణం. పొద్దున గుంటూరు స్టేషన్లో దిగి, గదికొచ్చి మొహం కడుక్కొని, పదింటికల్లా పనిలో ఉండాలి. మనిషి వస్తాడు. ధ్యాస మాత్రం నడక దారిలోనే ఎక్కడో ఆగిపోతుంది.

అందరికంటే ఎక్కువ బాధ గుమాస్తాది. సెలవుల తరవాత మిర్చి యార్డు తెరిచారంటే టిక్కీలు వరదలాగా వస్తాయి. కాటా చీటీ చూసి బరువు పుస్తకంలోకి ఎక్కించాలి. 43 కు 34 పడితే రైతు సొమ్ము పోతుంది, 34 కు 43 పడితే షావుకారు సొమ్ము పోతుంది, రెండు విధాలా గుమాస్తా ఉద్యోగం పోతుంది. మావాడు చేరి ఆరు నెలలు కూడా కాలేదు. పైగా ఏదైనా పొరపాటు జరిగితే ‘అడవోడు, వాడికి లెక్కలేం తెలుసు’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఆ మాట పడకూడదని వాడి భయం. కొట్టులో పెద్ద గుమాస్తా దయతోనే చెప్పాడు: “ఈ సీసా వాడబ్బా, తల చురుగ్గా ఉంటుంది, నేనూ వాడతా.” అరవై గొట్టాల సీసా. రెండు రోజుల తిండి ఖర్చు దానికే పోయింది.

ఆ సీసాను గదిలో నలుగురం తిప్పితిప్పి చూశాం. పైన ఒక బొమ్మ: నెత్తిన ఈకలు, చేతిలో బల్లెం, వెనక జలపాతం. ఈకలు పెట్టుకొనే చెంచును మేము ఇంతవరకు చూడలేదు. కింద చిన్న అక్షరాల్లో పేర్లు: బ్రాహ్మి, అశ్వగంధ, శంఖపుష్పి, వచ, జ్యోతిష్మతి. సంస్కృతం తీసేస్తే అందులో సగం మనకు తెలిసినవే. అశ్వగంధ అంటే పెన్నేరు గడ్డ. వచ అంటే వస కొమ్ము. మాటలు తొందరగా రావాలని పసిపిల్లలకు అరగదీసి నాకించేది అదే. గలగలా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అంటాం చూడండి, ఆ వస.

పేర్ల దగ్గరే మొదటి చిక్కు. బ్రాహ్మి అనే పేరుతో అంగట్లో రెండు వేరు వేరు మొక్కలు నడుస్తున్నాయి. ఒకటి గుండ్రటి ఆకుల సరస్వతాకు. ఇంకోటి తేమ నేలల్లో చిన్న మందపాటి ఆకులతో పాకే మొక్క. శంఖపుష్పి ఇంకా గందరగోళం. ఉత్తరాది వైద్యులకు ఒక మొక్క, కేరళ వైద్యులకు నీలం పూల దింటెన తీగ, మరికొందరికి మన విష్ణుక్రాంత. అడవిలో ఒక ఆకుకు బదులు ఇంకో ఆకు కోసుకొస్తే మా అవ్వ నెత్తిన మొట్టేది. సీసాలో పొడి అయిపోయిన ఆకును ఎవరు గుర్తుపడతారు?

మాకు అక్క వరసయ్యే ఒకామె ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఆదివారం మా గదికి వస్తే సీసా చూపించాం. ఆమె ఓపిగ్గా చదివి, తెలిసింది చెప్పింది. తరవాత మేమూ వెతికి చదువుకున్నాం.

తేమ నేలల బ్రాహ్మి మీద కొంత నిజమైన పని జరిగింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి దాన్ని పరిశీలించింది. విదేశాల్లోనూ మనుషుల మీద పరీక్షలు చేశారు. చాలా పరీక్షల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, 12 వారాలు. విన్నదాన్ని తిరిగి గుర్తుచేసుకోవడంలో కాస్త మెరుగు కొన్నిటిలో కనిపించింది. పరీక్షలు చిన్నవి, కొందరికి కడుపులో వికారం, నొప్పి. అక్క నవ్వి అడిగింది: “పన్నెండు వారాలంటే ఎప్పటికిరా? సంక్రాంతికి మొదలుపెడితే ఉగాది దాటుద్ది. నీకు కావలసింది సోమవారం పొద్దునకు గదా?”

పెన్నేరు గడ్డ సంగతీ అంతే. మానసిక ఒత్తిడి తగ్గిందని, నిద్ర మెరుగైందని చెప్పిన పరీక్షలు ఉన్నాయి, అవీ ఎక్కువగా ఎనిమిది వారాలవి, కొద్దిమంది మీద చేసినవి. దాని వల్ల కొందరికి పగలే మత్తుగా ఉంటుంది. లెక్కలు రాసేవాడికి అదొక వరం! అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న సంఘటనలు కొన్ని దేశాల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో అశ్వగంధ ఉన్న ఉత్పత్తులను నిషేధించింది. థైరాయిడ్ మాత్రలు, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. గర్భిణులు అసలే కూడదు. ఇది విన్నాక అక్క మొహమే మారింది, ఎందుకంటే ఆమే థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. నైట్ డ్యూటీలో అలసట పోవాలని ఇటువంటి సీసా ఒకటి కొనాలని తనూ అనుకుంటోందట.

వస గురించి చదివితే ఇంకా ఆశ్చర్యం. అందులోని ఒక నూనె పదార్థం జంతువులకు కణితులు తెప్పించిందని అమెరికా 1968లోనే వసను ఆహారంలో కలపడం నిషేధించింది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చెడు చేయదు అనే మాటను పట్నం వాళ్లు నమ్మితే నమ్మొచ్చు. మనం ఎట్లా నమ్ముతాం? ముష్టి గింజలు ఏరి అమ్మినవాళ్లం. అదీ చెట్టు కాయే. దాన్ని మందుగా మార్చాలంటే ఎంత శుద్ధి కావాలో, తప్పితే ఏమవుతుందో మన ముసలివాళ్లకు తెలుసు. అడవిలో పుట్టి పెరిగినవాడే ఆకును చూసి ముందు భయపడతాడు.

ఆ రాత్రి అవ్వతో మాట్లాడాం. గూడెంలో సిగ్నలు అందే బండ ఒకటుంది. ఎవరో ఒకరు ఆమెను అక్కడికి తీసుకొచ్చి ఫోను చెవిదగ్గర పెడతారు. గుమాస్తా తన బాధ చెప్పాడు. ధ్యాస కుదరడం లేదు, అంకెలు కళ్ల ముందు అలుక్కుపోతున్నాయి, ఏ ఆకు తినాలి? ఆమె ఆకు పేరు చెప్పలేదు. ప్రశ్నలేసింది.

“నిద్రపోతన్నావా?”

“సరిగ్గా లేదవ్వా.”

“పొద్దునేం తిన్నావ్?”

“టీ.”

“టీ తిండేందిరా. కలలో ఎవురొస్తన్నారు?”

వాడు కాసేపు మాట్లాడలేదు. చనిపోయిన తాత వస్తున్నాడన్నాడు. అప్పుడు ఆమె అంది: “ఒళ్లు ఆడుండాది, మనసు ఈడుండాది. అది బెంగరా. బెంగకు ఆకులేందిరా? నాలుగు దినాలు కడుపునిండా తిని పెందలాడే పడుకో. దినానికోసారి ఫోను చెయ్యి.”

మందిచ్చే మా ముసలివాళ్ల పద్ధతే అది. ముందు మనిషి ఎవరు, ఏం తిన్నాడు, ఏ కాలం, నొప్పి ఎప్పుడు మొదలైంది అని అడుగుతారు. ఆకు చివర వస్తుంది. చాలాసార్లు రానే రాదు. సీసా మాత్రం ఎవరినీ ఏమీ అడగదు. గుంటూరులో గుమాస్తాకూ ఢిల్లీలో ఆఫీసరుకూ రెండేసి గొట్టాలు. మన జ్ఞానం అని చెప్పి అమ్మేదాంట్లో, ఆకు ఉంది గానీ ఆ అడగడం లేదు. మాకు కోపం వచ్చింది కూడా ఈకల బొమ్మ చూసి కాదు, దీనికే.

బెంగ అనే మాటను తేలిగ్గా తీసుకోవద్దు. సెలవు ఇచ్చిన హాయి ఎన్నాళ్లుంటుందని నెదర్లాండ్స్‌లో పరిశోధకులు ఉద్యోగులను సెలవుకు ముందు, సెలవులో, తరవాత అడుగుతూ పోయారు. పనిలో చేరిన మొదటి వారంలోనే అది చాలావరకు పాత స్థితికి వచ్చేసిందని తేలింది. అంటే ఇది అడవి బిడ్డల బలహీనత కాదు, మనిషన్న వాడికి ఉండేదే. మనకు దాని మీద రెండు బరువులు ఎక్కువ. ఒకటి, మనం తిరిగొచ్చేది ఇంటికి కాదు, పరాయి చోటికి. రెండు, ఒక్క పొరపాటు చేస్తే అది మనిషి పేరున కాక కులం పేరున రాసేస్తారు. ఆ భయంలో ఎవడికైనా అంకెలు అలుక్కుపోతాయి.

పంతుళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నలుగురిలో ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లం. జూన్‌లో బడి తెరిచిన మొదటి పది రోజులు ఎట్లా ఉంటాయో గుర్తుంది. పిల్లవాడు బల్ల మీదుంటాడు, కళ్లు కిటికీ బయటుంటాయి. పిలిస్తే పలకడు. రాత్రి దుప్పటి కప్పుకొని ఏడుస్తాడు. కొందరు పారిపోయి అడవి దారి పట్టి ఇంటికి చేరతారు. అటువంటి పిల్లలను ‘మొద్దు’ అనడం మేము విన్నాం. ఈ మధ్య కొన్ని చోట్ల జ్ఞాపకశక్తి టానిక్కులు కొని పట్టించమని తల్లిదండ్రులకు చెప్తున్నారు. కూలి డబ్బులతో వాళ్లు కొంటున్నారు కూడా. మాకు పాఠం చెప్పిన ఒక పంతులు వేరుగా చేసేవాడు. మొదటి వారం పుస్తకం తెరిపించేవాడు కాదు. ఇంట్లో ఏం చేశారో ఒక్కొక్కరినీ చెప్పమనేవాడు. ఎవరు తేనెకు పోయారు, ఎవరింట్లో మేక ఈనింది, ఎవరి అవ్వ చనిపోయింది. చెప్పిందాన్ని బోర్డు మీద రాసేవాడు, మేము దాన్నే చదివేవాళ్లం. రెండో సోమవారానికి లెక్కల్లో పడేవాళ్లం. అది ఏ శిక్షణలోనూ నేర్పిన పద్ధతి కాదనుకుంటాం. మా గదిలోని పంతులు ఇప్పుడు తన ప్రైవేటు బడిలో అదే చేద్దామని అడిగితే ‘సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు’ అన్నారట.

ఇక సీసా వెనక డబ్బు సంగతి. ఇదీ మన యువకులు తెలుసుకోవలసిందే, ఎందుకంటే మూలికల వ్యాపారం పెరిగేకొద్దీ మన గూడేలకు వచ్చి ‘ఏ ఆకు దేనికి’ అని అడిగేవాళ్లూ పెరుగుతారు.

కేరళ, తమిళనాడు సరిహద్దులో అగస్త్యమల కొండలున్నాయి. అక్కడ కాణి అనే గిరిజనులు ఉంటారు. 1987లో కొందరు శాస్త్రవేత్తలు మొక్కల సర్వేకు వాళ్లను దారి చూపడానికి వెంట తీసుకెళ్లారు. ఎక్కుతూ ఎక్కుతూ శాస్త్రవేత్తలు చతికిలబడ్డారు, కాణి యువకులు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా నడుస్తున్నారు. ఆ కాయలు వీళ్లూ తిన్నారు, ఒంట్లోకి సత్తువ వచ్చినట్టయింది. ఏ మొక్క అని అడిగితే మొదట చెప్పలేదు, అది కులం రహస్యం. తరవాత చెప్పారు. అదే ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ దాని ఆకుతో, ఇంకో మూడు మూలికలు కలిపి, అలసట పోగొట్టే ‘జీవని’ అనే మందు తయారుచేసింది. ఆ మూడిట్లో మన పెన్నేరు గడ్డ కూడా ఒకటి. తయారీ హక్కును కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయలకు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. వచ్చిన దాంట్లో సగం కాణీలకని మాట. దానికోసం 1997లో వాళ్ల పేరున ఒక ట్రస్టు పెట్టారు.

ప్రపంచమంతా దీన్ని గొప్ప ఉదాహరణగా చెప్పుకుంది. 2 శాతంలో సగం అంటే ఒక్క శాతం. అదీ, ఆకు కోయడానికి అటవీ శాఖ అనుమతుల దగ్గర చిక్కులు, ఒప్పందం గడువు తీరడం వంటివన్నీ దాటి వస్తే. అయినా పూర్తిగా తీసిపారేయలేం. అంతకు ముందు ఎవరూ ఆ ఒక్క శాతం కూడా ఇచ్చింది లేదు.

మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. అడవి మొక్కలతో వ్యాపారం చేసేవాళ్లు లాభంలో కొంత స్థానికులకు పంచాలని అందులో ఉంది. దేశీ కంపెనీలకు అది వర్తించదని దివ్య ఫార్మసీ వాదిస్తే, ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఆ తరవాత 2023లో చట్టాన్నే సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకొంటే ఆ పంపకం నుంచి మినహాయింపు అన్నారు. అంటే మా అవ్వ నోట ఉన్నంతవరకు ఆమె మాటకు హక్కు ఉన్నట్టు, ఎవరో పుస్తకంలోకి ఎక్కించాక లేనట్టు. ఈ వ్యాసంలో మా గూడెం మందుల కొలతలు ఒక్కటి కూడా రాయకపోవడానికి కారణం అదే. మన కుర్రవాళ్లు ఉత్సాహం కొద్దీ అవ్వల చిట్కాలను వీడియోలు తీసి పెడుతున్నారు. తీసేముందు అవ్వను అడగండి, గ్రామసభలో ఒక మాట అనుకోండి. అడవి ఫలసాయం ఏరుకొని అమ్ముకొనే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఇచ్చింది. అందులోనే మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు కూడా ఉంది. ఆ రెండో సంగతి మన గూడేల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఇంత చెప్పాక, సోమవారం పొద్దున పనికొచ్చే చెట్టు మందు ఒక్కటీ లేదా అంటే, ఉంది. దాన్ని మందని ఎవరూ అనుకోరు. శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి తాగే టీ, కాఫీ. తాగిన అరగంట, గంటలో పనిచేస్తుంది. మెలకువకు, ధ్యాసకు ఇంతగా పరీక్షలకు నిలిచిన ఆకూ గింజా ఇంకోటి లేవు. ఆ కాఫీ గింజ పాడేరు, అరకు వైపు మన గిరిజన రైతులు పండించేది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, పొట్లం కట్టి అమ్ముతుంది. ఆ సంస్థ 1956 నాటిది, మా తాతలు తేనె తూకమేసింది దాని కాటా మీదే. ఆ తూకాల గురించి తాతలు చెప్పిన కథలు వేరు, అవి ఇంకోసారి.

కాఫీకీ లెక్కుంది. తాగిన ఐదు గంటల తరవాత కూడా దాని సత్తువ సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం తాగితే రాత్రి నిద్ర పోతుంది, నిద్ర పోతే రేపటి ధ్యాస పోతుంది, దానికి మళ్లీ కాఫీ. మా గదిలో మధ్యాహ్నం మూడు తరవాత టీ, కాఫీ బంద్. మొదట్లో దీని మీద పెద్ద తగాదా జరిగింది.

గుమాస్తా సీసా పక్కన పెట్టాడు. ఇంకో రెండు మార్పులు చేసుకున్నాడు. పండగ తరవాత పని మొదలయ్యే రోజు పొద్దున కాకుండా, ముందు రోజే గుంటూరు చేరుతున్నాడు. ఒక పూట సెలవు తగ్గినా ఒక రాత్రి నిద్ర దక్కుతుంది. కొట్టులో మొదటి మూడు రోజులు కాటా చీటీని పక్కవాడు పైకి చదువుతాడు, వీడు రాస్తాడు, రాసింది వీడు తిరిగి చదువుతాడు. పెద్ద గుమాస్తా మొదట విసుక్కున్నాడు, ఇప్పుడు తనూ అట్లాగే రాయిస్తున్నాడు.

కోచింగ్ వాడి సంగతి మాత్రం వేరుగా తేలింది. వాడికి సెలవులైపోయి నెల దాటినా చదివింది తలకెక్కడం లేదు. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం. గుమాస్తా వదిలేసిన సీసా తను వాడుకుంటానన్నాడు. ల్యాబు వాడు ఒప్పుకోలేదు. చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి రక్తం తీశాడు. హిమోగ్లోబిన్ 9. మగవాడికి 13 ఉండాలి. రెండేళ్లుగా హాస్టలు మెస్సుల్లో పలచటి చారూ అన్నంతో నెట్టుకొస్తున్నాడు, ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు నులిపురుగుల మాత్ర వేయించి, ఐరన్ మాత్రలు రాసి, టీతో కలిపి వేసుకోవద్దని, నిమ్మకాయో ఉసిరికాయో తినమని చెప్పాడు. ఉసిరికాయలు గూడెం నుంచి తెచ్చిన సంచిలో ఇంకా మిగిలే ఉన్నాయి. మూడు నెలల తరవాత మళ్లీ చూస్తే 12 దాటింది. పరీక్ష మాత్రం వాయిదా పడింది.